ఓడలో బంతి భోజనం

ఓడ ప్రయాణం అంటే నాకు తెలిసింది పాపికొండల లాంచీ ఒక్కటే. పొద్దున్నే ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు కూరలు, సాయంత్రం టీ. అంతకు మించిన ఓడ ఎక్కుతాననీ, అందులో ఐదు రాత్రులు పడుకుంటాననీ, అదీ అమ్మను వెంటబెట్టుకుని వెళ్తాననీ ఎప్పుడూ అనుకోలేదు.

నిజం చెప్పాలంటే మేం వెళ్లింది సరదా కోసం కాదు. నాన్న పోయి అప్పటికి ఏడాదిన్నర. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. హైదరాబాద్ రమ్మంటే వచ్చి, నాలుగు రోజులుండి, ‘మొక్కలు ఎండిపోతాయే’ అంటూ వెళ్లిపోయేది. ఒకసారి చెప్పకుండా తెనాలి వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర అవుతోంది. అమ్మ వంటగట్టు దగ్గర నిలబడి, గిన్నెలోనే ఇంత పెరుగన్నం కలుపుకుని తింటోంది. కూర లేదు, పచ్చడి లేదు. కంచం కూడా పెట్టుకోలేదు. ‘ఒక్కదానికి ఏం వండుకుంటానే’ అంది. ముప్ఫై ఎనిమిదేళ్లు నాన్నకు వేళకు కంచం పెట్టి వడ్డించిన మనిషి! ఆర్నెల్లలో ఏడు కిలోలు తగ్గిందని డాక్టరు చెబితేగానీ మాకు తెలియలేదు.

నాన్న ఉన్నప్పుడు విశాఖ వెళ్లినప్పుడల్లా హార్బరు వైపు చూసి, ‘రిటైరయ్యాక అండమాన్ ఓడ ఎక్కుదాం’ అనేవారు. ఎక్కలేదు. ఆ మాట గుర్తుంచుకుని మా ఆయనే, ‘అత్తయ్యగారిని ఓడెక్కిద్దాం’ అన్నారు. ‘ఈ వయసులో నాకు ఓడలెందుకమ్మా’ అని అమ్మ పది రోజులు వాదించింది. చివరికి మనవడు అడిగితే కాదనలేకపోయింది. ఏప్రిల్ చివర్లో, వాడికి సెలవులు ఇవ్వగానే, సింగపూర్ నుంచి ఫుకెట్, పెనాంగ్ వెళ్లొచ్చే ఓడలో టిక్కెట్లు తీసుకున్నాం.

ఓడా... అపార్టుమెంటా?

హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు విమానంలో దాదాపు నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. 2012లో ప్రారంభమైన మెరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి మా ఓడ బయలుదేరుతుంది. టాక్సీ దిగి తలెత్తి చూసిన అమ్మ, ‘ఇది ఓడా? బెజవాడ అపార్టుమెంట్లు నాలుగు పక్కపక్కన కట్టినట్టుంది’ అంది. సామాను తనిఖీ, పాస్‌పోర్టు, ఫొటో... అన్నీ విమానాశ్రయంలో ఉన్నట్టే. చేతికో కార్డు ఇచ్చారు. గది తాళం అదే, లోపల ఏది కొన్నా పద్దు రాసేదీ అదే.

కేవలం విహారం కోసమే కట్టిన తొలి ఓడ ‘ప్రిన్జెసిన్ విక్టోరియా లూయిజ్’. 1900లో జర్మనీలో తయారైంది. అప్పట్లో అది సంపన్నుల వ్యవహారం. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’లో ఇరవై డెక్కులు, గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది. అంటే పదివేల మంది. అందరికీ రోజూ మూడుపూటలా భోజనం! మా ఓడ అంత పెద్దది కాదు. అయినా మూడువేల మందికి పైగా ప్రయాణికులున్నారు.

బయలుదేరే ముందు అందరూ ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో తెలుసుకోవాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది చనిపోయాక నిబంధనలు బిగించారు. 2015 నుంచి ఈ కసరత్తు ఓడ కదలకముందు గానీ, కదిలిన వెంటనే గానీ జరిగి తీరాలి. చాలామంది ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. అమ్మ మాత్రం లైఫ్ జాకెట్ పట్టీ ఎలా బిగించాలో రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ‘2019లో కచ్చులూరు దగ్గర గోదాట్లో ఎంతమంది పోయారే!’ అంది. నాకు మాట రాలేదు.

పైన బఫే

ఓడెక్కగానే అందరి అడుగులూ పై అంతస్తు వైపే. అక్కడ బఫే. ద్వారం దగ్గరే చేతులు కడుక్కోవడానికి కుళాయిలు. లోపల ఒకవైపు బ్రెడ్లు, మరోవైపు నూడుల్స్, సలాడ్లు, పండ్లు, కేకులు. భారతీయ వంటకాలకూ ఓ వరస ఉంది. పప్పు, పనీర్ కూర, జీరా రైస్, నాన్. మా అబ్బాయి కళ్లు పెద్దవి చేసుకుని పరుగెత్తాడు.

అసలు చిక్కు ప్లేటు నింపుకున్నాక మొదలైంది. కూర్చోవడానికి కుర్చీ లేదు! కిటికీ పక్క టేబుళ్ల మీద టోపీలూ, సంచులూ పెట్టి ముందే పట్టేసుకున్నారు. నేనూ మా ఆయనా చెరోవైపు వెతుకుతూ తిరిగాం. వెనక్కి వచ్చి చూస్తే అమ్మ ఓ స్తంభానికి ఆనుకుని, చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ల మీద ఎవరి చేతిలోని సాసో ఒలికింది. ‘మన పెళ్లిళ్లలో బఫేలానే ఉందే. ఇక్కడా నిలబడే తినాలా?’ అంది. అని, నాన్ ముక్కా అరటిపండూ తిని ప్లేటు పెట్టేసింది.

నా గుండెల్లో రాయి పడింది. ఇంత డబ్బు పోసి అమ్మను తెనాలి వంటగట్టు దగ్గర నుంచి తీసుకొచ్చింది ఇందుకా?

కింద బంతి

పూర్వం పెద్ద ఓడల్లో రాత్రి భోజనానికి ఒకటే పద్ధతి. కింది డెక్కులో పెద్ద భోజనశాల, రెండు విడతలు. తొందరగా తినేవాళ్లకు సాయంత్రం ఆరు ప్రాంతంలో, మిగతావాళ్లకు ఎనిమిది దాటాక. ప్రయాణం మొదలు నుంచి చివరి దాకా అదే టేబుల్, అదే కుర్చీ, అదే వెయిటర్. పక్కన కూర్చునేవాళ్లూ వాళ్లే. మన ఊళ్లో వరసగా కూర్చోబెట్టి వడ్డించే బంతి లాంటిదే ఇదీ. 2000లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ ఈ కట్టుబాటు తీసేసి, ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ నచ్చితే అక్కడ తినే పద్ధతి పెట్టింది. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి. ఇప్పుడు కొన్ని ఓడల్లో రెండు పద్ధతులూ ఉన్నాయి.

మేమూ ఇష్టమొచ్చినప్పుడు వెళ్లి తినే పద్ధతే అడిగాం. అది అప్పటికే నిండిపోయిందట. గతిలేక ఎనిమిదిన్నర బంతి తీసుకున్నాం. ఎనిమిది మంది కూర్చునే గుండ్రటి టేబుల్. మేం నలుగురం కాక, నాగపూర్ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మా, ఆవిడ భర్తా, డెబ్భై దాటిన ఇద్దరు ఆస్ట్రేలియా అక్కచెల్లెళ్లు. వడ్డించేది ఫిలిప్పీన్స్ కుర్రాడు. నీళ్లూ బ్రెడ్డూ అందించడానికి ఇండోనేషియా అబ్బాయి. తెల్లటి టేబుల్ గుడ్డ, ఒక్కొక్కరి ముందు మూడు ఫోర్కులు. అమ్మ నా చెవిలో, ‘తెలియనివాళ్ల మధ్య ఎలా తినడమే’ అంది.

ఆ రాత్రే పొరపాటు జరిగింది. అమ్మ పదిహేనేళ్ల కిందటే మాంసం మానేసింది. టిక్కెట్లు తీసుకున్నప్పుడే ఆ సంగతి రాయించాం. కానీ ఆ మాట వంటింటి దాకా చేరలేదు. కూరగాయల సూప్ అని రాసి ఉంటే తెప్పించాం. అమ్మ రెండు చెంచాలు తాగాక మాకు ఎందుకో అనుమానం వచ్చి వెయిటర్ని అడిగాం. అతను లోపలికెళ్లి కనుక్కుని వచ్చాడు. ముఖం పాలిపోయింది. అది కోడి ఎముకలు మరగించిన నీళ్లతో చేసిన సూప్.

అమ్మ ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, నోరు పుక్కిలించడానికి లేచి వెళ్లింది. ఆ పూట మళ్లీ టేబుల్ దగ్గరికి రాలేదు. గదిలో మంచం మీద కూర్చుని, ‘మీరు వెళ్లి తినండమ్మా, నాకు ఆకలిగా లేదు’ అంది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

పెద్ద వంటిల్లు చూశాక

మర్నాడంతా సముద్రం మీదే. పొద్దున్నే హెడ్ వెయిటర్ మా గదికొచ్చాడు. సాకులు చెప్పలేదు. తప్పు తమదేనన్నాడు. ఆ రాత్రి నుంచి ప్రతి రోజూ భోజనం చివర్లో మర్నాటి మెనూ తెచ్చి చూపిస్తాననీ, అమ్మ ఏది కావాలంటే అది విడిగా చేయిస్తాననీ చెప్పాడు. ఉల్లి, వెల్లుల్లి తినని జైనులకూ ఇలాగే ఏర్పాటు చేస్తారట. ‘కావాలంటే వంటిల్లు చూద్దురుగాని రండి’ అన్నాడు. అమ్మ ఆ మాటకి లేచింది. వంటిల్లు అనేసరికి ఆగలేకపోయింది.

చూశాక గానీ మాకు కొన్ని సంగతులు బోధపడలేదు. ఓడ వంటింట్లో మంట కనిపించదు. నిప్పంటే సముద్రం మీద అన్నిటికంటే పెద్ద భయం. అందుకే పొయ్యిలన్నీ కరెంటువి, లేదంటే ఆవిరితో ఉడికించే మనిషంత గంగాళాలు. మాంసానికీ, చేపలకీ, కూరగాయలకీ, పాలకీ వేర్వేరు చల్లటి గదులు. గోడల మీద ప్రతి వంటకం ఫొటో అతికించి ఉంది. ప్లేటులో ఏ ముక్క ఎటువైపు ఉండాలో చూసుకోవడానికి. బ్రెడ్డు మాత్రం రాత్రంతా కాలుస్తూనే ఉంటారు. ఓడలో నిజంగా వేడివేడిగా, తాజాగా తిన్నది అదే. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసేసి వాడుకునే యంత్రాలూ ఉన్నాయి. కానీ పచ్చి సరుకంతా రేవులో ఎక్కించుకోవాల్సిందే. నడిసముద్రంలో కొత్తిమీర అయిపోతే పక్కింటివాళ్లను అడగలేం కదా!

వందల మంది ఒకేసారి కూర్చుంటే వందల ప్లేట్లు ఒకేసారి బయటికి రావాలి. అందుకని సగం పని ముందే చేసి పెట్టుకుంటారు. ఓడ భోజనంలో రుచి తగ్గేది సరిగ్గా అక్కడే. సూప్ బాగుంటుంది, ఎందుకంటే అది ఎంతసేపు ఉన్నా చెడదు. బ్రెడ్డు బాగుంటుంది. పాస్తా మెత్తబడిపోతుంది. అన్నం ముద్దవుతుంది. కేకులు చూడ్డానికి పదిరకాలు, నోట్లో పెట్టుకుంటే అన్నీ ఒకటే తీపి. పప్పు సంగతి అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. ‘తాలింపు వేగలేదు, ఇంగువ వేయలేదు. ఇంతమందికి చేస్తే ఎవరికైనా అంతే.’ ఆ చివరి మాట అన్నప్పుడు అమ్మ గొంతులో కోపం లేదు. పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గర కూర్చుని కూరలు తరిగించిన అనుభవం ఆవిడది.

బయటికి వస్తూ అమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. ‘మిగిలిందంతా ఏం చేస్తారు?’ అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆహారం తప్ప ప్లాస్టిక్ లాంటివేవీ సముద్రంలో వేయకూడదు. మిగిలిన ఆహారాన్ని మెత్తగా నలిపితే తీరానికి మూడు నాటికల్ మైళ్లు దాటాక, నలపకపోతే పన్నెండు మైళ్లు దాటాక వదలొచ్చు. కొన్ని ప్రత్యేక సముద్రాల్లో నలిపినదైనా పన్నెండు మైళ్లు దాటాల్సిందే. అంటే ప్లేట్లలో వదిలేసిందంతా పిండై చేపలకు పోతుందన్నమాట. అది విన్న సాయంత్రమే మా అబ్బాయి బఫేలో ఐదు కేకు ముక్కలు పెట్టుకుని, రెండు తిని లేవబోయాడు. అమ్మమ్మ వాడి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. ‘వడ్డించుకున్నది వదలకూడదు నాయనా.’ వాడు అవి పూర్తిచేసేసరికి అరగంట పట్టింది. మర్నాటి నుంచి ఒక్కొక్క ముక్కే తెచ్చుకున్నాడు.

పెరుగు గిన్నె

ఆ రాత్రి అమ్మను బతిమాలి మళ్లీ కిందికి తీసుకెళ్లాం. టేబుల్ దగ్గర అమ్మ కుర్చీ ముందు ఓ చిన్న గిన్నెలో పెరుగు, పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిలువుగా చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు! ఎవరూ అడగలేదు. నాగపూర్ టీచరమ్మ ముందురోజు అమ్మ లేచి వెళ్లాక, ‘పెద్దావిడకి పెరుగున్నా పెట్టండి’ అని చెప్పిందట. వెయిటర్ గుర్తుంచుకున్నాడు. అమ్మ ఫోర్కులు మూడూ పక్కకి జరిపి, చేత్తో అన్నం కలుపుకుంది. అది చూసి టీచరమ్మ కూడా చెంచా పక్కన పెట్టేసింది. ఆస్ట్రేలియా ఆవిడల్లో చిన్నావిడ, ‘నేనూ ప్రయత్నించనా?’ అని అడిగి, సగం అన్నం టేబుల్ గుడ్డ మీద పోసుకుని పడీపడీ నవ్వింది.

అమ్మకు హిందీ అంతంతమాత్రం, ఇంగ్లిష్ రాదు. అయినా ఆ టేబుల్ దగ్గర మాటలు ఆగలేదు. మనవల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, పోయిన భర్తల గురించి. ఆస్ట్రేలియా అక్కగారు కూడా భర్త పోయినావిడే. చెల్లెలితో కలిసి ఏటా ఏదో ఒక ఓడ ఎక్కుతుందట. ‘ఇంట్లో ఒక్కదాన్నీ టోస్టు తిని పడుకుంటాను. ఇక్కడైతే ఎనిమిదిన్నరకి నాకోసం ఎదురుచూసేవాళ్లుంటారు’ అంది. నేను దాన్ని తెలుగులో చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఏది ఉచితం, ఏది కాదు?

టిక్కెట్టులో భోజనం కలిసే ఉంటుంది. అయితే బఫే, పెద్ద భోజనశాల వరకే. జపనీస్, ఇటాలియన్ అంటూ ప్రత్యేక రెస్టారెంట్లు వేరే ఉంటాయి. వాటికి విడిగా చెల్లించాలి. ఇదేం కొత్త కాదు సుమా! 1912 నాటి టైటానిక్‌లో కూడా మొదటి తరగతివాళ్లకు అదనంగా డబ్బు కట్టి తినే రెస్టారెంటు ఉండేది. కూల్‌డ్రింకులు, మద్యం, మంచి కాఫీ అన్నీ కార్డులో పద్దు పడతాయి. సిబ్బందికి టిప్పుల కింద రోజుకు మనిషికి పదహారు నుంచి ఇరవై డాలర్ల దాకా చాలా ఓడల్లో బిల్లులో వేసేస్తారు. మనం ముందే లెక్కలో వేసుకోకపోతే చివరి రోజు గుండె గుభేలుమంటుంది.

మా ఆయనా, అబ్బాయీ ఒక పూట జపనీస్ రెస్టారెంటుకి వెళ్లారు. వంట బ్రహ్మాండం, చల్లారకుండా కళ్ల ముందే చేసి పెట్టారు. కానీ తిరిగొచ్చాక మా అబ్బాయి, ‘కింద ఏం జరిగింది? ఆస్ట్రేలియా అమ్మమ్మ ఈరోజు చేత్తో తిందా?’ అని అడిగాడు. మర్నాడు వాడే ఇక ఎక్కడికీ రానన్నాడు.

పెనాంగ్ అరిటాకు

మూడో రోజు ఫుకెట్. అక్కడ పటాంగ్ తీరానికి దూరంగా ఓడ లంగరు వేస్తే, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. అమ్మ పడవలోకి అడుగుపెట్టేటప్పుడు ఇద్దరు సిబ్బంది చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఇసుకలో కాసేపు నడిచి, కొబ్బరినీళ్లు తాగి వచ్చేశాం.

నాలుగో రోజు మలేషియాలోని పెనాంగ్. ఇక్కడ ఓడ నేరుగా రేవులోనే ఆగుతుంది. దిగి నడిస్తే జార్జ్‌టౌన్. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత పట్నం ఇది. కొద్ది దూరంలోనే లిటిల్ ఇండియా. మల్లెపూల దండలు, పాటల హోరు, ఇత్తడి సామాన్ల కొట్లు. 1833 నాటి మహామారియమ్మన్ గుడిలో దణ్నం పెట్టుకుని, పక్కవీధిలో అరిటాకు భోజనానికి కూర్చున్నాం. వేడి అన్నం, ఘుమఘుమలాడే రసం, రెండు వేపుళ్లు, అప్పడం. నాలుగు రోజుల తర్వాత తాలింపు వాసన! అమ్మ రసం రెండోసారి వేయించుకుంది. చూసి నా కడుపు నిండింది.

తిన్నాక టీ తాగుదామంటే అమ్మ గడియారం చూసుకుంది. ‘పదండే, రాత్రికి టేబుల్ దగ్గర మనకోసం చూస్తారు’ అంది. మంచి రసం పెనాంగ్‌లో దొరికింది. అమ్మకి ఆత్రం మాత్రం ఓడలోని చప్పటి పప్పు మీదే.

నువ్వు తిన్నావా బాబూ?

ఆ రాత్రి వెయిటర్ చివరి ప్లేట్లు తీస్తుంటే అమ్మ తెలుగులోనే, ‘నువ్వు తిన్నావా బాబూ?’ అని అడిగింది. నేను చెప్పాను. అతను నవ్వి, ‘మీ భోజనాలయ్యాక మేడమ్’ అన్నాడు. ‘ఎక్కడ? కూర్చునేనా?’ అమ్మ వదల్లేదు. కింద సిబ్బందికి వేరే భోజనశాల ఉందట. తీరిక ఉంటే కూర్చుని, లేకపోతే పది నిమిషాల్లో నిలబడే తినేస్తానన్నాడు. అతనికి నాలుగేళ్ల కూతురు. తొమ్మిది నెలల ఒప్పందం, ఇంకా మూడు నెలలు మిగిలుంది. ఈ తొమ్మిది నెలల్లో సెలవు రోజంటూ ఉండదు, కొన్ని గంటల విశ్రాంతి మాత్రమే.

సముద్ర కార్మికుల కోసం 2006లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2013లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2015లో ఆమోదించింది. ఓడలో పనిచేసేవాళ్లకు భోజనం ఉచితంగా పెట్టాలనీ, ఇరవైనాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారానికి డెబ్భై ఏడు గంటలు విశ్రాంతి ఇవ్వాలనీ అందులో ఉంది. అంటే మిగతా సమయమంతా పని చేయించుకోవచ్చన్నమాటే కదా! పైన మనం ‘పప్పులో ఉప్పు తక్కువ’ అనుకుంటున్నప్పుడు, వడ్డించే మనిషి ఆ రోజు ఎన్నో గంట పనిలో ఉన్నాడో మనకు తట్టదు. అమ్మ అప్పటి నుంచి తన ప్లేటు తనే సర్ది, చెంచాలు ఒకపక్కకి పెట్టి ఇచ్చేది.

చివరి రాత్రి దీపాలు తగ్గించి, సిబ్బందంతా వరసగా వచ్చారు. ప్రయాణికులు చేతి రుమాళ్లు గిరగిరా తిప్పారు. చాలా ఓడల్లో ఇదో ఆచారం. అమ్మ కూడా తిప్పింది! హైదరాబాద్‌లో కొని తెచ్చిన, సీలు తీయని తాపేశ్వరం కాజాల డబ్బాను వెయిటర్ చేతిలో పెట్టి, ‘కూర్చుని తిను’ అంది. ఆ మాట తర్జుమా చేస్తుంటే నా గొంతు పట్టేసింది.

మీరూ వెళ్లాలనుకుంటే

శాకాహారమో, జైన భోజనమో కావాలంటే టిక్కెట్టు కొన్నప్పుడు రాయించడంతో సరిపెట్టుకోవద్దు. ఎక్కిన మొదటి గంటలోనే భోజనశాలకు వెళ్లి హెడ్ వెయిటర్‌కి స్వయంగా చెప్పండి. మేం చేయని పని అదే.

పెద్దవాళ్లుంటే నిర్ణీత సమయం, పదిమంది కలిసే టేబుల్ అడగండి. బఫేకి వెళ్లాలనుకుంటే రద్దీ లేని వేళ చూసుకోండి. ఓడ రేవుకు చేరే రోజు పొద్దున టిఫిన్ దగ్గర విపరీతమైన తోపులాట ఉంటుంది.

తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడల్లో తేలిగ్గా పాకుతుంది. దానిమీద చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు. అమెరికా రేవులకు వచ్చే ఓడల శుభ్రతను అక్కడి సీడీసీ 1975 నుంచి తనిఖీ చేస్తోంది. నూటికి 85 గానీ, అంతకంటే తక్కువ గానీ వస్తే ఫెయిలయినట్టే.

సింగపూర్‌కు మళ్లీ తిరిగొస్తారు కాబట్టి అక్కడి వీసాతో ఎన్నిసార్లు ప్రవేశించొచ్చో చూసుకోండి. ఓడ ఆగే దేశాల నిబంధనలు మారుతుంటాయి, ప్రయాణానికి ముందు కనుక్కోండి. ఊరగాయలూ స్వీట్లూ తీసుకెళ్తే సీలు తీయనివే తీసుకెళ్లండి.

అంతదూరం ఎందుకనుకుంటే మన విశాఖ నుంచి 2022 జూన్‌లో పుదుచ్చేరి, చెన్నై వైపు విహార నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. ఓడలు ఎప్పుడెప్పుడు నడుస్తున్నాయో విచారించుకుని బయలుదేరవచ్చు.

మళ్లీ తెనాలి

అమ్మ మళ్లీ తెనాలి వెళ్లిపోయింది. హైదరాబాద్‌లో ఉండమంటే ఈసారీ ఉండలేదు. మొక్కలు ఎండిపోతాయట. ఐదు రాత్రుల ఓడ ప్రయాణంతో ఏడాదిన్నర దిగులు పోతుందని నేనూ అనుకోలేదు. మొదటి వారం ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆ, తిన్నాలే’ అనేది. ఆ మాట నాకు తెలుసు.

మూడో వారం ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే వెనక ఎవరివో మాటలు వినిపించాయి. మేడమీద వాటాలో ఉండే పెద్దావిడట. ఆవిడా ఒక్కతే. కొడుకులిద్దరూ అమెరికాలో. నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో, ఎవరి వంట వాళ్లది.

‘ఈపూట ఏం వండావమ్మా?’ అన్నాను.

‘బీరకాయ పాలుపోసి వండాను. గోంగూర పచ్చడి నూరాను. ఆవిడ చారు పెట్టి కిందికి తెచ్చింది. చాప వేసుకుని కూర్చున్నాం. ఉండు, అన్నం చల్లారిపోతోంది, తర్వాత మాట్లాడతా’ అని అమ్మ ఫోన్ పెట్టేసింది.